ఏడో రూలు

ఓంప్రకాశ్ సార్ సున్నాను రెండుసార్లు చుడతాడు. మొదటి చుట్టు మార్కు, రెండోది కోపం. బుధవారం ట్యుటోరియల్ క్లాసులో నవనీత చేతికి తిరిగొచ్చిన హోంవర్క్ కాగితం మీద మూడు చుట్లున్నాయి. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడో, కాగితం వెనక్కి తిప్పి చూసినా వేలికి తగులుతోంది.

పక్కన యమునకూ అంతే వచ్చింది. వెనక బెంచీలో జీవన్‌కూ, కిటికీ దగ్గర సుహాసినికీ అంతే. ఐదో హోంవర్క్, పదికి సున్నా. నలుగురి కాగితాల్లోనూ నాలుగో లెక్క జవాబు కింద ఎర్రగీత, దాని పక్కన మూడు ప్రశ్నార్థకాలు.

సార్ మంచి లెక్కల మనిషి. క్యాలికులస్ అంటే జ్వరం తెచ్చుకునే పిల్లలకు కూడా ఆయన క్లాసు అర్థమవుతుందని కాలేజీలో పేరుంది, అది ఊరికే వచ్చిన పేరు కాదు. ఆయన ఇబ్బందల్లా మనుషులతోనే. మనిషి ఎదురు నిలబడి మాట్లాడితే చాలు, ఆయన చేయి రూల్స్ కాగితం మీదికి పోతుంది.

ఆ కాగితం గురించి చెప్పాలి. సెమిస్టర్ మొదటి రోజున ప్రతి ఒక్కరికీ రెండు పేజీలు పిన్ను కొట్టి ఇచ్చారు. హోంవర్క్, పరీక్షల పాలసీ అని పైన పెద్దక్షరాలు, కింద పదకొండు రూల్స్. సోమవారం తొమ్మిది గంటలకు స్టాఫ్ రూమ్ ముందున్న డబ్బాలో హోంవర్క్ పడాలి, తొమ్మిదీ ఒకటికి పడితే లెక్కలోకి రాదు. ఇట్లాంటివన్నీ ఉంటాయి. పిల్లలు దాన్ని చదివి సంతకం పెట్టి ఇవ్వాలి. సంతకం అందరూ పెట్టారు.

నాలుగో లెక్క దర్రీ లెక్క, అంటే నేల మీద పరుచుకునే నూలు జంపఖానా లెక్క. పుస్తకంలో అది పోస్టర్ లెక్క, చుట్టూ మార్జిన్ వదిలి అచ్చేసిన పోస్టర్. తనిఖీ కమిటీ వస్తోంది, పాఠాల్లో స్థానిక ఉదాహరణలు కనిపించాలని ప్రిన్సిపాల్ సర్క్యులర్ పంపితే, సార్ పోస్టర్ తీసేసి వరంగల్ దర్రీ పెట్టాడు. మార్జిన్ తీసేసి ఆరంగుళాల కుచ్చులు పెట్టాడు. నేసిన భాగం పదహారు చదరపు అడుగులు, కుచ్చులతో సహా పరిస్తే అతి తక్కువ చోటు పట్టాలి, పొడవు వెడల్పులు చెప్పండి అన్నాడు.

"జవాబు నాలుగడుగులు, నాలుగడుగులు. చతురస్రం," అన్నాడు సార్ బల్లకు ఆనుకుని. "సగం మంది చేశారు. మిగతావాళ్లు రకరకాలుగా తప్పారు, దానికి నేను బాధపడను. కానీ ఈ నలుగురూ వెడల్పు రెండు, పొడవు ఎనిమిది అని రాశారు. లెక్కలో రెండు అన్న అంకె ఎక్కడుంది? ఒకే రాత్రి నలుగురికీ ఒకే రెండు కలలోకి వచ్చిందా?"

క్లాసు నవ్వింది. సార్ రూల్స్ కాగితం తీసి తొమ్మిదోది చదివాడు. కాపీ అని తేలితే ఆ హోంవర్క్‌కు సున్నా, రెండో మిడ్ పరీక్షకు కూర్చోనివ్వరు. అయితే శుక్రవారం లోపు కాపీ కొట్టానని ఒప్పుకుంటూ తల్లిదండ్రుల సంతకంతో కాగితం ఇస్తే, సున్నా మాత్రం ఉంటుంది, పరీక్ష రాయనిస్తారు. మిడ్ వచ్చే సోమవారమే. ఇప్పటికే మొదటి మిడ్‌లో జ్వరంతో అత్తెసరు మార్కులు తెచ్చుకున్న నవనీతకు రెండోది పోతే లెక్కలు పోయినట్టే, లెక్కలు పోతే ఏడాది వెనక్కి.

ఆమె లేచి నిలబడింది.

"మేం కాపీ కొట్టలే సార్."

"మరి రెండు ఎక్కడి నుంచి వచ్చింది?"

"మా ఇంట్ల నుంచి సార్."

ఈసారి క్లాసు ఇంకా గట్టిగా నవ్వింది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కొన్ని నిజాలు చెప్పిన చోట పొగరులాగే వినిపిస్తాయి. సార్ ముఖం గట్టిపడింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటి దాకా టైముందని చెప్పి, నలుగురికీ ఒప్పుకోలు కాగితాలు పంచి, బోర్డు తుడిచి, తర్వాతి పాఠం మొదలుపెట్టాడు.

* * *

నేతవాళ్ల కొత్తవాడలో నవనీత వాళ్లింటి ముందుగది అంతా మగ్గమే. మనుషులు దాని పక్కనుంచి ఒదిగి లోపలికి పోవాలి. నవనీత వచ్చేసరికి తండ్రి సారంగపాణి గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. తల్లి సరోజన గడప పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. రాట్నం కాలొకటి అరిగిపోయి, చక్రం తిప్పినప్పుడల్లా టకటక ఊగుతుంది. ఎన్నాళ్లనుంచో బాగుచేయిస్తానని సారంగపాణి అంటూనే ఉన్నాడు.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, కొత్తది. ఆదివారమే అతికారు. పాత పడుగు కొసలను, పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులో అట్లాగే వదిలేసి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటే మెలిపెట్టి కలుపుతారు. ఒక్క మనిషికి తెమిలే పని కాదు. అందుకే ఆ వాడలో ఎవరింట్లో అతుకున్నా పక్కిళ్లవాళ్లు వచ్చి వరసగా కూర్చుంటారు. పిలవడాలుండవు. ఎవరు ఎన్ని పోగులు కలిపారని అడగడాలుండవు. దిగిన బట్టకు మాత్రం నేసినవాడి పేరే.

ఆదివారం పక్కింటివాళ్లు తొర్రూరులో పెళ్లికి పోయారు. కలిసి హోంవర్క్ చేసుకుందామని వచ్చిన యమున, జీవన్, సుహాసినిలను సరోజన పుస్తకాలు తెరవనివ్వలేదు. వేళ్లకు బూడిద రాసి, మెలి పెట్టడం నేర్పి, పడుగు ముందు కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి అతుకూ అయింది, హోంవర్కూ అయింది. పోగులు కలుపుతూనే లెక్క మాట్లాడుకున్నారు. దర్రీకి కుచ్చులు రెండు కొసలకే ఉంటాయని నవనీత చెప్పింది. అట్లయితే డెరివేటివ్ ఎప్పుడూ ఒకటే వస్తోంది, సున్నా కావట్లేదని జీవన్ పట్టుకున్నాడు. సుహాసిని గ్రాఫ్ గీసింది. వెడల్పు తగ్గేకొద్దీ చోటు తగ్గుతూనే పోతోంది, మరి ఎక్కడ ఆగాలి అన్న దగ్గర నలుగురూ ఆగిపోయారు. గోడకు వేలాడుతున్న చిన్న అచ్చును చూసి అది దేనికని సరోజనను అడిగింది యమునే. ఆ తర్వాత గీతకు ఈ కొస దగ్గర మినిమమ్ ఉంటుందని చెప్పింది కూడా యమునే. నవనీతకు అది పూర్తిగా ఎక్కలేదు. తలూపి రాసుకుంది.

ఇప్పుడు ఆ తలూపిన సంగతే ఆమెను గుచ్చుతోంది. మిగతా లెక్కంతా గుండె మీద చేయివేసి నాదంటుంది. ఆ ఒక్క వాక్యం మాత్రం?

సంగతి విన్నాక సారంగపాణి మగ్గం ఆపి చేయి చాపాడు. ఒప్పుకోలు కాగితం ఎక్కడుందో ఇమ్మన్నాడు. ఆయన జీవితంలో సొసైటీవాళ్లు, బ్యాంకువాళ్లు, కరెంటువాళ్లు ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాడు. చదివి పెట్టింది ఒక్కటీ లేదు.

"ఒక్క సంతకమే గదనే. పెడ్తె పరీక్ష రాయనిస్తరు. సార్లతోని మనకెందుకు కొట్లాట," అన్నాడు. అంటూనే కింద పేరు గీసేశాడు.

సరోజన రాట్నం తిప్పడం మాని చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. కాగితం తీసుకుని, ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ మొత్తం చదివింది.

"నా బిడ్డ దొంగతనం చేసిందని రాసున్నది దీంట్ల. నువ్వు అవునని పెట్టినవ్," అంది భర్తతో.

సారంగపాణి మళ్లీ పోగుల మధ్య నాడె విసరడం మొదలుపెట్టాడు.

"ఆ పిల్లలు నా పక్కన కూసోని పోగులు అతికిన్రు. వాళ్ల చేతి ఏళ్లు ఎర్రగైనయి," అంది సరోజన కూతురివైపు తిరిగి. "గదే దొంగతనమైతే మన వాడంత దొంగలే. ఇచ్చుడు ఇయ్యకపోవుడు నీ ఇష్టం బిడ్డా. కని ఇచ్చినంక నా ముందటికొచ్చి ఏడువకు."

నవనీత కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. తండ్రి సంతకం పెట్టిన కాగితం. ఇవ్వాలంటే ఇంకేమీ అక్కర్లేదు, బయటకు తీస్తే చాలు.

* * *

గురువారం లంచ్ లోపు జీవన్, సుహాసిని కాగితాలిచ్చేశారు. జీవన్ నర్సంపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. పొద్దున వాళ్ల నాయనను కాలేజీ దాకా తీసుకొచ్చాడు. ఆ పెద్దమనిషి మెడలో తువ్వాలుతో స్టాఫ్ రూమ్ ముందు గంటసేపు నిలబడి, కొడుకును తిట్టి, సార్‌కు దండం పెట్టి పోయాడు. ఆ దండం చూశాక నవనీతకు జీవన్ మీద కోపం రాలేదు. సార్ మీద వచ్చింది.

కోపం వచ్చింది యమున మీద. యమునది కేసముద్రం దగ్గర పల్లె, ఉండేది హాస్టల్లో. తల్లిదండ్రుల బదులు వార్డెన్‌తో సంతకం చేయించి ఆ మధ్యాహ్నమే ఇచ్చేసింది. మెట్ల దగ్గర కనిపిస్తే నవనీత ఆపి అడిగింది.

"ఆ కొస దగ్గర ఆగాల్నని చెప్పింది నువ్వు. నువ్వు చేసిన లెక్కను నువ్వే దొంగలెక్క అని రాసిచ్చినవా?"

"నీకేందే, నీ ఇల్లు ఈడ్నే ఉన్నది," అంది యమున. గొంతు తగ్గించే అంది. "నాకు ఏడాది పోతే మా నాయిన మల్ల పంపడు. పత్తి ఏరనీకి మనుషులు దొరుకుత లేరని ఇప్పటికే అంటాండు. నాకు కోపం లేదనుకుంటానవా?"

నవనీత ముఖం తిప్పుకుని పోయింది. పోతూ సిగ్గుపడింది, ఆగలేదు. ఇద్దరూ ఆ రోజంతా ఒకే బెంచీలో మధ్య ఒక మనిషి చోటు వదిలి కూర్చున్నారు.

సాయంత్రం లైబ్రరీలో ఆమె రెండు పనులు చేసింది. మొదటిది, పుస్తకం తీసి ఆ కొసల పాఠం చదివింది. గీతకు రెండు చివర్లున్నప్పుడు, అతి తక్కువ విలువ చివరే కూర్చోవచ్చు, అక్కడ డెరివేటివ్ సున్నా కానక్కర్లేదు. నాలుగు లెక్కలు చేశాక బాగా ఎక్కింది. రెండోది, క్లాసులో ఎవరూ చేయని పని. రూల్స్ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది.

ఏడో రూలు: హోంవర్క్ కలిసి చర్చించుకోవచ్చు. ఎవరికి వారు సొంతంగా రాయాలి. ఎవరెవరితో చర్చించారో పైన పేర్లు రాయాలి. రాయకపోతే రెండు మార్కులు తగ్గుతాయి.

పేర్లు వాళ్లు రాయలేదు. నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అతుకుకు వచ్చినవాళ్ల పేర్లు బట్ట మీద ఎవరు రాస్తారు? నవనీత ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. తాము చేసిన తప్పు ఉంది. దాని నంబరు తొమ్మిది కాదు.

పదో రూలు: మార్కు మీద అభ్యంతరం ఉన్న విద్యార్థి, వారం లోపు రాతపూర్వకంగా కోరితే, క్లాసు ముందు బోర్డు మీద ఆ లెక్క చేసి చూపవచ్చు. చూపలేకపోతే సార్ నిర్ణయమే అంతిమం.

పదకొండో రూలు చదివి ఆమె లైబ్రరీలో ఉన్నానని మరిచి నవ్వింది. పక్కవాళ్లు చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

శుక్రవారం మూడున్నరకు స్టాఫ్ రూమ్‌కు పోయింది. ఆమె చేతిలో కాగితం చూసి సార్ తేలికపడ్డాడు, సొరుగు తెరిచి మిగతా ముగ్గురి కాగితాలున్న ఫైలు తీశాడు. తీరా అది బోర్డు మీద లెక్క చేస్తానన్న దరఖాస్తు. ఆయన పదో రూలు అనే మాట చదివి, తన రూల్స్ కాగితం వెతికి, అందులో పదో రూలు నిజంగా ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది.

ఆయన దుర్మార్గుడేమీ కాదు. కుర్చీ చూపించి, మెల్లగానే మాట్లాడాడు. నలుగురిలో నీకే సబ్జెక్టు వచ్చని నాకు తెలుసన్నాడు. నువ్వు చేశావు, వాళ్లు చూసి రాశారు, అంతే కదా, ఆ ఒక్క ముక్క రాసిస్తే నీ సున్నా తీసేస్తానన్నాడు. వాళ్లు ఎలాగూ ఒప్పుకున్నారు, వాళ్లకు కొత్తగా పోయేదేమీ లేదన్నాడు.

బ్యాగులో తండ్రి సంతకం ఉంది. ఎదురుగా ఇది. ఏది తీసుకున్నా సోమవారం పరీక్ష రాయొచ్చు. నవనీత చేతివేళ్లు బ్యాగు జిప్పు దాకా పోయి ఆగాయి. తన తల్లి పక్కన కూర్చుని బూడిద వేళ్లతో మెలి తిప్పుతున్న యమున కనిపించింది.

"రేపు బోర్డు మీద చేస్త సార్," అంది.

చేయలేకపోతే పరీక్ష లేదని ఆయన గుర్తుచేశాడు. తెలుసంది.

* * *

శనివారం మొదటి పీరియడ్. అరవై మంది వచ్చారు. శనివారం అంతమంది రావడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. వేరే సెక్షన్ నుంచి కూడా ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డారు. మనిషి పడిపోతే చూడాలన్న కుతూహలం చదువుకున్నవాళ్లకేమీ తక్కువ కాదు.

సార్ చాక్‌పీస్ ఆమె చేతికిచ్చి, పక్కకు పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నవనీత బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీసింది. దాని పై అంచుకూ కింది అంచుకూ చిన్న చిన్న గీతలు గీసింది, అవి కుచ్చులు. వెడల్పు ఎక్స్, పొడవు వై అని రాసింది.

"మిగతా రెండు వైపులా?" అన్నాడు సార్.

"ఆడ ఉండయి సార్."

"ఎందుకుండవు? లెక్కలో కుచ్చులున్నాయని ఉంది."

"కుచ్చులంటె పడుగు కొసలు సార్. దర్రీ దిగినంక మగ్గం మీద పడుగు కోస్తరు, కోసిన కాడ పోగులు మిగుల్తయి, ముడేస్తరు. పక్కలకు కోసేదే ఉండది. పేక, అడ్డం పోగు, ఆ అంచు దాకా పోయి మల్ల ఎనుకకు తిరుగుతది. నాలుగు దిక్కుల కుచ్చులున్న దర్రీ మా వాడల ఎవ్వలు నెయ్యరు. నెయ్యరాదు."

క్లాసు నవ్వలేదు. సార్ కళ్లు బోర్డు మీద లేవు, ఎక్కడో ఉన్నాయి. తన ఇంట్లో హాల్లో పరిచిన దర్రీ మీద కూర్చునే ఆయన రోజూ టిఫిన్ తింటాడు. ఐదేళ్లుగా తింటున్నాడు. దాని అంచులు ఎట్లా ఉంటాయో ఆయన ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాడు. వెనక బెంచీనుంచి ఎవరో, అవును సార్ మా ఇంట్లది గూడ అట్లనే ఉంటది, అన్నారు.

"కానివ్వు," అన్నాడు సార్.

ఆమె చేసుకుంటూ పోయింది. రెండు కొసలకూ కలిపి పొడవు ఒక అడుగు పెరుగుతుంది. మొత్తం చోటు పదహారు ప్లస్ ఎక్స్. డెరివేటివ్ ఒకటి. ఎప్పటికీ సున్నా కాదు. వెడల్పు తగ్గేకొద్దీ చోటు తగ్గుతూనే ఉంటుంది.

"ఇంతవరకు సరే," అన్నాడు సార్. ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైందని అందరికీ తెలిసింది. "తగ్గుతూనే ఉంటుంది అన్నావు. అయితే తగ్గించు. ఒక అడుగు చెయ్యి, అరడుగు చెయ్యి. రెండు దగ్గర ఎందుకు ఆగావు? అక్కడ మినిమమ్ అని ఎట్లా అంటావు?"

ఇదే ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. జవాబూ తెలుసు. గురువారం నాలుగు లెక్కలు చేసి నేర్చుకుంది. గడగడా చెప్పేయొచ్చు. చెబితే పదికి పది, సోమవారం పరీక్ష. చెబితే ఆ జవాబు ఆమెదైపోతుంది. యమున మాత్రం తన నోటితో, తన సంతకంతో, దొంగగానే మిగిలిపోతుంది.

నవనీత చాక్‌పీస్‌ను బోర్డు కింది చెక్క మీద పెట్టింది.

"ఈ స్టెప్పు నాది గాదు సార్. నాకు ఇప్పుడొచ్చు, చదువుకున్న. కని ఆదివారం నాడు రాదు. అది యమున చేసింది. ఆమెనడుగున్రి."

సార్ ఫైలు తెరిచాడు. యమున కాపీ కొట్టానని రాసిచ్చిందన్నాడు. యమున బల్లవైపు చూస్తూ కూర్చుంది. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. కాసేపు ఆమె లేవదనే అనుకున్నారు. నవనీత కూడా అనుకుంది, అనుకుని, తన ఏడాది పోయిందని కూడా అనుకుంది.

బెంచీ కిర్రుమంది. యమున వచ్చి, నవనీత ముఖం చూడకుండానే చాక్‌పీస్ తీసుకుంది. ఎక్స్ గీత గీసి, ఒక చోట రెండు అని గుర్తు పెట్టి, దాని ఎడమపక్కనంతా అడ్డగీతలు కొట్టింది.

"ఇటు దిక్కు దర్రీ లేదు సార్," అంది. "గీత రెండు కాడ్నే మొదలైతది. పెరిగే గీతకు మొదలే తక్కువ. చివరలు గూడ చూడాలె, ఆడ డెరివేటివ్ సున్నా గాకున్నా నడుస్తదని మీరే చెప్పిన్రు, మూడో వారం."

"రెండే ఎందుకు?"

"అచ్చు ఎంతుంటె దర్రీ ఎడల్పు అంతే సార్, వాళ్లింట్ల అన్నిటికన్న చిన్న అచ్చు రెండడుగులది. దానికన్న సన్నగ నెయ్యరాదా అని నేను వాళ్లమ్మనడిగిన. నేస్తె అది దర్రీ గాదు బిడ్డా, మంచం నవారు అయితది అన్నది. అందుకే తక్కువల తక్కువ ఎడల్పు రెండు అనుకుంటె అని రాసినం. కాగితం మీద ఉన్నది సార్, అనుకుంటె అని."

సార్ నవనీత దరఖాస్తుతో ఇచ్చిన హోంవర్క్ కాగితం తీసి చూశాడు. ఆ మాట ఉంది. దాని కింద తాను కొట్టిన ఎర్రగీతా ఉంది. జీవన్ లేచి, డెరివేటివ్ సంగతి నేను పట్టుకున్న సార్ అన్నాడు. సుహాసిని లేచి, గ్రాఫ్ నాదంది. నలుగురూ నిలబడి ఉన్నారు.

సార్ చాలాసేపు కాగితాలు తిరగేశాడు. చివరికి, నవనీతకు పది వేస్తున్నానన్నాడు. మిగతా ముగ్గురూ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కాబట్టి వాళ్ల సున్నా మార్చడం తన చేతుల్లో లేదన్నాడు. రూలు రూలే అన్నాడు.

"నాకు పది వద్దు సార్. ఎనిమిదే," అంది నవనీత. జేబులోనుంచి రూల్స్ కాగితం తీసింది. "కలిసి మాట్లాడుకున్నం, పేర్లు రాయలే. అది ఏడో రూలు. రెండు మార్కులు కొయ్యిన్రి, నలుగురికి కొయ్యిన్రి. మేం చేసిన తప్పు ఏడోది సార్, తొమ్మిదోది గాదు. చెయ్యని తప్పు రాసిచ్చిన్రంటే అది వాళ్లు భయపడి రాసిచ్చిన్రు."

"రాసిచ్చాక నేనేం చేసేది?"

"పదకొండోది చదువుత సార్."

ఆమె చదివింది. మంచు కురిసి కాలేజీ మూతపడిన రోజు ఇవ్వాల్సిన హోంవర్క్‌ను మరుసటి పనిదినం ఉదయం తీసుకుంటారు. ఎండాకాలంలో బండి సీటు మీద కూర్చోలేని వరంగల్లో. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఎవరూ నవ్వలేదు, సార్ ముఖం చూసి నోళ్లు బిగబట్టారు.

"ఈ రూల్స్ ఏ దేశం కాలేజీయో చూసి రాసుకున్నయే సార్. తప్పు గాదు, మంచిగున్నయి. కని ఎక్కడ్నుంచి రాసుకున్నరో పేరు పెట్టలే," అంది నవనీత. గొంతు పెంచలేదు. "మీకు తొమ్మిదో రూలు పెట్టుమంటలేను. ఏడోదే."

బెల్లు కొట్టింది. ఎవరూ కదల్లేదు. ఓంప్రకాశ్ సార్ ఫైలు మూశాడు, చంకలో పెట్టుకున్నాడు, గుమ్మం దాకా పోయి ఆగాడు. బోర్డు మీది దర్రీ బొమ్మను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మెట్ల మీద యమున వెనకనుంచి వచ్చి నవనీత పక్కన నడిచింది. మధ్యాహ్నం బస్టాప్ దాకా తోడొచ్చి, యమున తన డబ్బా తెరిచి సగం చపాతీ తుంచి ఇచ్చింది, నవనీత తింది.

ఇంటికి పోయాక సంగతి చెప్పి, బ్యాగులోంచి ఒప్పుకోలు కాగితం తీసి తల్లికిచ్చింది. పరీక్ష రాయనిస్తారో లేదో ఇంకా తెలియదని కూడా చెప్పింది. సారంగపాణి నాడె పట్టుకుని అట్లాగే చూశాడు. సరోజన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎనిమిది మడతలు పెట్టి, రాట్నం అరిగిన కాలు కింద దోపింది. తిప్పి చూసింది. ఊగలేదు.

* * *

సోమవారం పరీక్ష పదింటికి. తొమ్మిదిన్నరకే నలుగురూ నోటీసు బోర్డు దగ్గరికొచ్చారు. హాలు జాబితాలో పేర్లు వెతుక్కున్నారు. జీవన్ ఉన్నాడు, యమున ఉంది, సుహాసిని ఉంది. నవనీత పేరు జాబితా చివర పెన్నుతో రాసి ఉంది, కానీ ఉంది. పక్కన ఐదో హోంవర్క్ మార్కులు. నాలుగు పేర్ల ఎదుటా ఎనిమిదులే.

జాబితా కింద నాలుగో లెక్కకు కొత్త జవాబు పిన్ను కొట్టి ఉంది. టైపు చేసింది కాదు, సార్ చేతిరాత. దర్రీ బొమ్మకు రెండు వైపులే కుచ్చులు గీసి ఉన్నాయి. దాని పక్కన రూల్స్ కాగితం. పదకొండో రూలు మీద ఎర్రగీత, ఒక్కటే గీత, గట్టిగా నొక్కలేదు. అడుగున ఏదో విదేశీ యూనివర్సిటీ పేరు రాసి, దాని నుంచి తీసుకున్నవి అని ఉంది.

జవాబు కాగితం పైన, ఏడో రూలు చెప్పినట్టే, చర్చించినవారు అని రాసి పేర్లు రాశాడు సార్. నవనీత, యమున, జీవన్, సుహాసిని.

నవనీత ఆ వరసను చదివింది. మళ్లీ చదివింది. ఒక పేరు లేదు.

నోటీసు బోర్డు మీద విద్యార్థులు రాయకూడదని పైన అద్దం మీదే రాసి ఉంది. అద్దం తలుపుకు తాళం వేయడం అటెండరు మరిచిపోయాడు. నవనీత తలుపు జరిపి, పరీక్షకు తెచ్చుకున్న నీలం పెన్ను తీసి, నాలుగో పేరు పక్కన కామా పెట్టి, ఐదో పేరు రాసింది. సరోజన.

కాస్త దూరంలో ఓంప్రకాశ్ సార్ ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఆమె ఆయన్ని చూసింది, పెన్ను దాచుకోలేదు. ఆయన దగ్గరికొచ్చి ఆ పేరు చదివాడు, ఎవరని అడగలేదు. అద్దం తలుపు మూసి హాలువైపు నడిచాడు. వెనకాలే నలుగురూ పోయారు.